సైలెంట్ వ్యాలీ జమాఖర్చులు

మన హేతువాద మిత్రుల్లో చాలామందికి అడవుల గొడవ అంటే కాస్త చిన్నచూపు. మనం బాబాల మీద, జ్యోతిషం మీద, చేతబడి మీద పోరాడేవాళ్లం. చెట్లను కాపాడమనే వాళ్లు కవులు, ప్రకృతి ఆరాధకులు. వాళ్లది భక్తిలో ఇంకో రకం. ఈ మాట సభల్లో చాలాసార్లు విన్నాను. ఆనకట్ట, కర్మాగారం, గని ఇవి సైన్సు పక్షం. అడవి అనాగరికత పక్షం అని ఒక లెక్క మన బుర్రల్లో స్థిరపడిపోయింది.

ఈ లెక్క తప్పు. తప్పని చెప్పడానికి నేను తీసుకుంటున్న సాక్ష్యం కేరళలోని సైలెంట్ వ్యాలీ. ఆ అడవిని ఆనకట్ట నుంచి కాపాడిన పోరాటంలో ముందు వరసలో నిలబడింది మఠం కాదు, పీఠం కాదు. ప్రజల్లో సైన్సు ప్రచారం కోసం పుట్టిన కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు. వాళ్లు పట్టుకున్న ఆయుధం పద్దు పుస్తకం. నేను ఉద్యోగమంతా రక్షణ శాఖ లెక్కల విభాగంలో గడిపినవాణ్ని కనుక ఆ కథలో నాకు అదే ఎక్కువ నచ్చింది.

ముందు కట్టుకథలు తీసేద్దాం

సైలెంట్ వ్యాలీ పాలక్కాడ్ జిల్లాలో, నీలగిరి కొండల నైరుతి కొసన ఉంది. మధ్యలో కుంతిపుళ అనే నది పారుతుంది. మనవాళ్లు ఏ కొండ చూసినా పాండవులను అక్కడికి తీసుకుపోతారు కదా. పెద్దాపురంలో పాండవుల మెట్ట ఉంది, భూపాలపల్లి దగ్గర పాండవుల గుట్ట ఉంది. అలాగే అక్కడా నది కుంతి పేర, అడవి సైరంధ్రి పేర. విరాటుని కొలువులో ద్రౌపది పెట్టుకున్న పేరే సైరంధ్రి.

ఇంగ్లీషు పేరుకూ ఒక కథ ఉంది. ఆ అడవిలో ఇలకోళ్లు ఉండవట, అందుకని నిశ్శబ్దమట, తెల్లవాళ్లు అందుకే ఆ పేరు పెట్టారట. సైరంధ్రి అన్న మాటే తెల్లవాళ్ల నోట సైలెంట్ అయిందని ఇంకొకరంటారు. అక్కడి సింహం తోక కోతికి శాస్త్రీయ నామంలో ఉన్న సైలెనస్ అన్న మాట నుంచి వచ్చిందని మరొకరంటారు. ఏది నిజమో తేల్చే ఆధారం లేదు. కానీ మొదటి కథ మాత్రం పరీక్షకు నిలవదు. ఆ అడవిలో ఇలకోళ్లు ఉన్నాయి. అడవి గొప్పతనానికి ఇలాంటి అద్భుతాలు అక్కర్లేదు కూడా.

అక్కర ఉన్న విషయాలు ఇవి. రాబర్ట్ వైట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1847లో ఆ ప్రాంతపు మొక్కలను పరిశీలించాడు. 1914లో మద్రాసు ప్రభుత్వం దాన్ని రిజర్వు ఫారెస్టుగా ప్రకటించింది. మలబారు అప్పుడు మన కోస్తా, రాయలసీమ జిల్లాల మాదిరే మద్రాసు రాష్ట్రంలో భాగం. అంటే అది ఏ రాజుదీ, ఏ జమీందారుదీ కాదు. సర్కారు భూమి, ఇప్పటి మాటల్లో ప్రజల ఆస్తి. ఎత్తైన కొండల మధ్య ఇరుకుగా ఉండడంవల్ల, దారి కష్టంగా ఉండడంవల్ల అక్కడి వానకారు అడవి పడమటి కనుమల్లో మిగతా చోట్ల కంటే తక్కువగా దెబ్బతింది.

ఆనకట్ట ఆలోచన

అంత ఎత్తు నుంచి పడే నది ఇంజనీర్ల కంట పడకుండా ఉంటుందా? బ్రిటిషు కాలంలోనే, 1920లలో, సైరంధ్రి దగ్గర కరెంటు తీయవచ్చని గుర్తించారు. 1958లో కేరళ విద్యుత్ బోర్డు సర్వే చేసింది. 1973లో ప్రణాళికా సంఘం సుమారు 25 కోట్ల రూపాయల అంచనాతో ఒప్పుకుంది. ప్రాజెక్టు సామర్థ్యం 120 మెగావాట్లు. ఏటా దాదాపు 52 కోట్ల యూనిట్ల కరెంటు వస్తుందని, పాలక్కాడ్, మలప్పురం జిల్లాల్లో 10,000 హెక్టార్లకు నీరు పారుతుందని, ఆనకట్ట పనిలో వేల మందికి కూలి దొరుకుతుందని లెక్క వేశారు. మునిగేది సుమారు 830 హెక్టార్లు.

ఇది దుర్మార్గపు ఆలోచన అని నేను అనను. మలబారు ప్రాంతం నిజంగానే వెనకబడి ఉంది. అక్కడి జనానికి కరెంటు కావాలి, నీరు కావాలి. దేశమంతా ఆనకట్టల మీద ఆశ పెట్టుకున్న కాలం అది. భాక్రా నంగల్ దగ్గర 1954లో నెహ్రూ ఇలాంటి కట్టడాలే కొత్త కాలపు గుళ్లన్న అర్థంలో మాట్లాడాడు. ఆ మాట ఈనాటికీ మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. అదే నెహ్రూ 1958లో, నీటిపారుదల ఇంజనీర్ల సమావేశంలోనే, భారీతనం కోసమే భారీ పనులు చేయడం ఒక జబ్బు అని హెచ్చరించాడు. రెండో మాట పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కలేదు. గుళ్లకు వెళ్లని మనం ఆనకట్ట చుట్టూ మాత్రం ప్రదక్షిణలు ఎందుకు చేయాలి?

కోతి కోసమా?

1976లో కేంద్రం నియమించిన కార్యదళం, జఫర్ ఫుతేహల్లీ అధ్యక్షతన, ఈ ప్రాజెక్టును వదిలేయడం మంచిదని చెప్పింది. వదలడం కుదరకపోతే పాటించాలంటూ 17 రక్షణ షరతులు కూడా రాసింది. తన ముఖ్యమైన సలహాకు తానే తలుపు తీసి పెట్టింది. ఆడిట్ చేసినవాళ్లకు ఇది బాగా తెలిసిన వ్యవహారం. "ఇది చేయకూడదు, ఒకవేళ చేస్తే ఇలా చేయండి" అని రాస్తే అవతలివాళ్లు రెండో సగమే చదువుతారు. అలాగే జరిగింది. షరతులు పాటిస్తామని రాష్ట్రం అన్నది. 1978లో ప్రధాని మొరార్జీ దేశాయి, పర్యావరణ రక్షణకు చట్టం చేయాలన్న షరతుతో అనుమతి ఇచ్చాడు. 1979లో కేరళ ఆ చట్టమూ చేసింది.

ఈలోగా సింహం తోక కోతి విషయం ప్రపంచానికి తెలిసింది. పడమటి కనుమల్లో తప్ప భూమి మీద ఇంకెక్కడా లేని జంతువు అది. చెట్ల పైనుంచి కిందికి దిగడం అరుదు. దానికి పగుళ్లు లేని పందిరిలాంటి అడవి కావాలి. ప్రకృతి సంరక్షణ అంతర్జాతీయ సంఘం 1978లో, అప్పటి సోవియట్ యూనియన్‌లోని అష్గాబాద్ సభలో, ఆ కోతి ఉన్న సైలెంట్ వ్యాలీ, కలక్కాడ్ అడవులను కాపాడమని తీర్మానం చేసింది.

దానికి కేరళలో వచ్చిన జవాబు ఊహించుకోవచ్చు. మనుషులు ముఖ్యమా, కోతులు ముఖ్యమా? ఆ రోజుల్లో అధికార పక్షం, ప్రతిపక్షం అన్న తేడా లేకుండా పార్టీలు ప్రాజెక్టు వైపే ఉన్నాయి. విద్యుత్ బోర్డు ఉద్యోగుల సంఘాలూ అటే. బాగా బతికినవాళ్లు పేదవాడి కరెంటుకు అడ్డుపడుతున్నారన్న మాట జనంలో బలంగా నాటుకుంది. సలీం అలీలాంటి పక్షిశాస్త్రజ్ఞుల విజ్ఞప్తులూ, సుగతకుమారిలాంటి కవుల పాటలూ మనసులు కదిలించాయి. ఆ పని తక్కువదని నేను అనను. కానీ "కరెంటు సంగతేమిటి?" అన్న ప్రశ్నకు పాట జవాబు కాదు.

పరిషత్తు వేసిన లెక్క

ఆ ప్రశ్నను తప్పించుకోకుండా ఎదుర్కొన్నది పరిషత్తు. 1962లో మలయాళంలో సైన్సు రచనల కోసం మొదలైన సంఘం అది. వృక్షశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ ఎం.కె. ప్రసాద్ ఈ విషయాన్ని సంఘంలోకి తెచ్చారు. సంఘం లోపల వాదోపవాదాలు జరిగాయి. ప్రాజెక్టు కావాలన్నవాళ్లూ అందులో ఉన్నారు. అప్పుడు వాళ్లు చేసిన పని గమనించండి. నినాదం రాయలేదు, అధ్యయన బృందాన్ని వేశారు. అందులో వృక్షశాస్త్రజ్ఞుడు ప్రసాద్, అణు ఇంజనీరు ఎం.పి. పరమేశ్వరన్, విద్యుత్ ఇంజనీరు వి.కె. దామోదరన్, వ్యవసాయ శాస్త్రజ్ఞుడు కె.ఎన్. శ్యామసుందరన్ నాయర్, ఆర్థికవేత్త కె.పి. కణ్ణన్ ఉన్నారు. ఐదుగురిలో అడవి మనిషి ఒక్కడే. 1979లో వాళ్లు సాంకేతిక, ఆర్థిక, సామాజిక, రాజకీయ కోణాల్లో నివేదిక అచ్చువేశారు.

వాళ్ల వాదన సారం ఇది. ఒకటి, కేరళ అప్పట్లో కరెంటును పక్క రాష్ట్రాలకు అమ్ముతోంది. ఇడుక్కి 1976లో మొదలైంది. మలబారులో కొరత ఉన్నది తీగలకు, పంపిణీకి. ఆ పని ముందు చేయాలి. రెండు, కరెంటు పెట్టగానే పరిశ్రమలు వాటంతట అవే పుట్టవు. మలబారు వెనకబాటుకు కారణాలు ఇంకా ఉన్నాయి. మూడు, 10,000 హెక్టార్లకు నీరు కావాలంటే బావులు, ఎత్తిపోతల వంటి మార్గాలున్నాయి. నాలుగు, పూర్తిగా వాన మీద ఆధారపడిన రాష్ట్రం ఇంకో జలవిద్యుత్ కేంద్రం కంటే థర్మల్ కేంద్రం గురించి ఆలోచించడం మేలు. ఐదు, అడవిని ఒకసారి ముంచితే తిరిగి తేవడం ఎవరి తరమూ కాదు; మిగతా మార్గాలు రేపు కూడా ఉంటాయి.

ఈ ఐదో మాటే నా దృష్టిలో అసలు మాట. ఖర్చుల్లో రెండు రకాలుంటాయి. దిద్దుకోగలిగినవి, దిద్దుకోలేనివి. మామూలు పద్దు రెంటినీ ఒకే గడిలో రాస్తుంది. ఆనకట్ట కట్టడం పదేళ్లు వాయిదా వేస్తే పదేళ్ల కరెంటు పోతుంది. అడవి మునిగితే, లక్షల ఏళ్ల పరిణామంలో తయారైన ఏర్పాటు పోతుంది. తెలియని విషయాలు ఎక్కువగా ఉన్నప్పుడు వెనక్కి తిరగలేని అడుగు చివర వేయాలి. ఇది ప్రకృతి ఆరాధన కాదు, మామూలు వివేకం.

విద్యుత్ బోర్డు ఇంకో లెక్క చూపించింది. మునిగేది అడవిలో పదో వంతు కంటే తక్కువే, దీనికింత రాద్ధాంతమా అని. దాదాపు 9,000 హెక్టార్ల లోయలో 830 అంటే అంకె సరైనదే. కానీ శాతం చూడగానే కింది అంకె ఏమిటని అడగడం లెక్కల వాడి మొదటి పాఠం. మునిగేది ఎక్కడో అంచున ఉన్న ముక్క కాదు, నది ఒడ్డున ఉన్న లోయ నడుం. ఇంటిలో పదో వంతే తీసుకుంటాను, నడిమి దూలం మాత్రమే అంటే ఒప్పుకుంటామా? దానికి తోడు రోడ్లు, రాతి క్వారీలు, వేల మంది కూలీల గుడిసెలు, వాళ్ల వంటచెరకు, రోడ్డు పడ్డాక వచ్చే కలప దొంగలు. ఇవేవీ ఆ 830లో లేవు.

ఇక ఆ కాలపు ప్రాజెక్టు లెక్కల్లో అడవి విలువ అంటే కొట్టిన కలప విలువే. నిలబడి ఉన్న చెట్టుకు పద్దు లేదు. అది పట్టి ఉంచే నీటికి పద్దు లేదు. పద్దు లేనిది ఖర్చయినా ఎవరికీ కనపడదు.

నిర్ణయం

1979లో కేంద్ర వ్యవసాయ కార్యదర్శిగా ఉన్న ఎం.ఎస్. స్వామినాథన్ ఆ ప్రాంతం చూసివచ్చి, అక్కడ ఆనకట్ట వద్దు, అడవిని రక్షిత ప్రాంతం చేయండి అని చెప్పాడు. హరిత విప్లవం మనిషే ఆ మాట అన్నాడని గుర్తుంచుకోండి. కేరళ హైకోర్టులో వేసిన కేసు మొదట స్టే తెచ్చింది కానీ, 1980 జనవరిలో కోర్టు దాన్ని కొట్టేసింది. అదే నెలలో ఇందిరా గాంధీ తిరిగి అధికారంలోకి వచ్చి పని ఆపమంది. ఎం.జి.కె. మీనన్ అధ్యక్షతన కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి కమిటీ వేసింది. మాధవ్ గాడ్గిల్ అందులో సభ్యుడు. కమిటీ నివేదిక వచ్చాక 1983లో ప్రాజెక్టును వదిలేశారు. 1984 నవంబరు 15న ఆ అడవి జాతీయ పార్కు అయింది. అప్పటికి ఇందిర హత్య జరిగి పదిహేను రోజులు. 1985 సెప్టెంబరులో రాజీవ్ గాంధీ దాన్ని ప్రారంభించాడు.

ఇందిర ఎందుకు ఆపింది? విదేశాల్లో పేరు కోసమా, నిజమైన ఇష్టమా, రాష్ట్రంతో రాజకీయమా అని వాదించుకోవచ్చు. ఒకటి మాత్రం నిజం. ఆపాలనుకున్నవారికి చేతిలో పెట్టుకోడానికి ఒక లెక్క సిద్ధంగా ఉంది. ఆ లెక్క లేకపోతే కోతి బొమ్మ ఒక్కటే మిగిలేది.

మరి కరెంటు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక్కడ మనవాళ్లు కథ ఆపేస్తారు. ఆపకూడదు. జంట పద్దు విధానంలో ఒక చోట జమ ఉంటే ఇంకో చోట ఖర్చు ఉండి తీరాలి.

1980లలో వానలు తప్పిన ఏళ్లలో కేరళలో కరెంటు కోతలు వచ్చాయి. చూశారా, మేం చెప్పలేదా అని ప్రాజెక్టు పక్షం అన్నది. కానీ వాన లేక ఉన్న జలాశయాలే ఎండితే, ఇంకో జలాశయం ఎంత ఆదుకుంటుంది? 2017 మేలో కేరళ ప్రతి ఇంటికీ కరెంటు ఇచ్చిన రాష్ట్రంగా ప్రకటించుకుంది. సైలెంట్ వ్యాలీ లేకుండానే మలబారు చీకటి పోయింది. ఇది జమ.

ఖర్చు ఎక్కడ? కేరళ వాడే కరెంటులో అధిక భాగం బయట నుంచి వస్తుంది. కేంద్ర సంస్థల కోటాల్లో మన రామగుండం కూడా ఉంది. అక్కడి ఎన్టీపీసీ మొదటి యూనిట్ మొదలైనది 1983లోనే, అంటే సైలెంట్ వ్యాలీని వదిలేసిన ఏడే. గోదావరి ఒడ్డున సింగరేణి బొగ్గు కాల్చి తీసిన కరెంటులో కొంత పాలక్కాడ్ దీపాల్లో వెలిగింది. ఆ బూడిద ఎక్కడ పడిందో, ఆ గనుల కింద ఏ అడవులు పోయాయో రామగుండం వాళ్లకు చెప్పనక్కర్లేదు. నేను ఇది సైలెంట్ వ్యాలీకి వ్యతిరేకంగా చెప్పడం లేదు. ఒక అడవిని కాపాడిన లెక్క, ఆ భారం ఎవరి మీదికి జరిగిందో కూడా చూపితేనే పూర్తి లెక్క అవుతుంది. అలా చూపకపోతే మనకూ విద్యుత్ బోర్డుకూ తేడా ఉండదు.

ఇంకో పరిమితి కూడా ఉంది. సైలెంట్ వ్యాలీ మునిగే ప్రాంతంలో ఊళ్లు దాదాపు లేవు. నల్లమల అలా కాదు. అక్కడ చెంచులున్నారు. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంటే, జనం వ్యతిరేకించారు. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానించింది. అలాంటి చోట పార్కు పేరుతో జనాన్ని బయటికి పంపడమూ అన్యాయమే. అడవిని కాపాడడమంటే అందులో మనుషుల్ని తీసేయడం అని సైలెంట్ వ్యాలీ నుంచి పాఠం నేర్చుకుంటే తప్పు పాఠం అవుతుంది.

అంకె వేస్తే చాలా?

సైలెంట్ వ్యాలీ వాదన నడుస్తుండగానే, 1980 అక్టోబరులో అటవీ సంరక్షణ ఆర్డినెన్సు వచ్చింది, తర్వాత చట్టం అయింది. అడవిని వేరే పనికి మళ్లించాలంటే కేంద్రం అనుమతి తప్పనిసరి అయింది. అంతకుముందు మూడు దశాబ్దాల్లో సుమారు 43 లక్షల హెక్టార్ల అడవి అలా మళ్లిపోయింది.

తర్వాత, గోదావర్మన్ కేసులో, సుప్రీంకోర్టు నిలబడ్డ అడవికీ ధర కట్టించింది. 2008 మార్చి ఆదేశం ప్రకారం అడవి రకాన్ని బట్టి హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల నికర ప్రస్తుత విలువ చెల్లించాలి. 2022లో ఆ రేట్లు పెంచారు. పద్దు లేనిదానికి పద్దు వచ్చింది కదా అని మొదట నాకూ సంతోషం వేసింది. కానీ ధర కట్టడం వేరు, కాపాడడం వేరు. గనికి కోట్ల లాభం వచ్చేచోట హెక్టారుకు పది లక్షలు అడ్డంకి కాదు, ప్రవేశ రుసుం.

ఇక కొట్టిన అడవికి బదులు అడవి పెంచడం సంగతి. కాగ్ 2013 నివేదిక చూడండి. 2006 నుంచి 2012 వరకు బదులుగా రావలసిన అటవీయేతర భూమి 1,03,381 హెక్టార్లు. వచ్చింది 28,086, అంటే 27 శాతం. అందులో మొక్కలు నాటింది 7,280 హెక్టార్లు, రావలసిన దానిలో 7 శాతం. ఏ దుకాణదారుడైనా నూరు రూపాయల సరుకు పట్టుకుపోయి ఏడు రూపాయలిచ్చిన ఖాతాదారుడికి మళ్లీ అప్పు ఇస్తాడా? 2019 ఆగస్టులో ఈ నిధి నుంచి రాష్ట్రాలకు పంచిన మొత్తం 47,000 కోట్లు దాటింది. డబ్బు ఉంది. అడవి కాగితం మీద ఉంది.

2023లో ఆ 1980 చట్టాన్ని సవరించారు. అంతర్జాతీయ సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపు దేశభద్రతకు సంబంధించిన రోడ్లు, రైలు మార్గాల వంటివాటికి, ఎక్కడైనా పది హెక్టార్ల వరకు భద్రతా కట్టడాలకు ఆ అనుమతి అక్కర్లేకుండా చేశారు. దేశరక్షణ అన్న మాట వినపడగానే ప్రశ్న ఆగిపోవాలన్నది దీని వెనక ఉన్న భావం. రక్షణ ఖర్చులను చూస్తూ జీతం తీసుకున్నవాణ్నిగా చెబుతున్నాను, ఆ మాట ఆడిట్‌కు మినహాయింపు కాదు. తుపాకీ కొన్నా, గుడారం కొన్నా అవసరమేమిటి, వేరే దారి ఉందా, ఎంత అవుతుంది అని అడిగే పద్ధతి సైన్యంలోనే ఉంది. అడవి విషయంలో మాత్రం ఆ ప్రశ్న దేశద్రోహం ఎలా అవుతుంది? 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, అడవి అన్న మాటకు 1996 నాటి విశాలమైన అర్థమే ప్రస్తుతానికి పాటించమని మధ్యంతర ఆదేశం ఇవ్వవలసి వచ్చింది.

మన పని

మన రాజ్యాంగంలో 51-ఎ అధికరణ ఉంది. అందులో ఒక క్లాజును మనం ప్రతి సభలోనూ చదువుతాం. శాస్త్రీయ దృష్టిని, మానవతను, ప్రశ్నించే తత్వాన్ని పెంపొందించడం ప్రతి పౌరుడి విధి. దానికి సరిగ్గా పైన ఉన్న క్లాజును మాత్రం చదవం. అడవులు, సరస్సులు, నదులు, వన్యప్రాణులతో సహా ప్రకృతిని కాపాడడం, జీవుల పట్ల దయ చూపడం కూడా పౌరుడి విధే. రెండూ 1976 నాటి 42వ సవరణలో కలిసి వచ్చినవే. పక్కపక్కన రాసినవాటిని మనం విడదీసి చదువుతున్నాం.

ఆ రెంటినీ కలిపి చదివితే ఎలా ఉంటుందో పరిషత్తు ఆచరించి చూపింది. మనం కూడా నేర్చుకోవలసింది అదే. ఊరి దగ్గర కొండకో అడవికో గని వస్తుందన్నప్పుడు అమ్మవారి కొండ కనుక ముట్టుకోవద్దని మనం అనం. అలాగని ఉద్యోగాలొస్తాయట కనుక సరే అనీ అనకూడదు. ప్రాజెక్టు నివేదిక తెప్పించండి, ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లండి. మునిగేదెంత, శాతానికి కింది అంకె ఏది, వేరే దారి చూశారా, దిద్దుకోలేని నష్టం ఏది, ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుంది అని అడగండి. బాబాను అడిగే ప్రశ్నలే ఇవి, మనిషి మారాడు అంతే. బూడిద తీసి చూపించు, గుప్పిట తెరిచి చూపించు అంటాం కదా. ప్రాజెక్టు నివేదికను కూడా అలాగే తెరిపించాలి.